ఒక్క మూటతో వచ్చిన ఆవిడ

మా విడిదికి ఎవరు వచ్చినా నేను ముఖం కంటే ముందు సామాను చూసేదాన్ని. బస్సు మలుపులో ఆగగానే గొడుగు పట్టుకుని ఎదురెళ్ళడం, చేతిలోని సంచీ అందుకోవడం, గది చూపించి టీ పోయడం, రెండు పూటలా భోజనం పళ్ళేలు మోయడం, పరుపులు పరవడం నా పనులు. పద్దెనిమిదేళ్ళు అదే పని చేశాక, సంచీ బరువు చేతికి తగలగానే వచ్చిన మనిషి సంగతి సగం అర్థమయ్యేది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు రెండు రోజులకి పది రోజుల బట్టలు తెచ్చేవాళ్ళు. ముసలమ్మల గుంపు దిగిందంటే ఒక్కో సంచీలో ఊరగాయ డబ్బా, మందుల డబ్బా, మోకాళ్ళకి చుట్టుకునే ఉన్ని పట్టీలు. ఆఫీసుల వాళ్ళ సంచులు మోస్తుంటే లోపల సీసాలు గలగలమనేవి. బరువు సంచీ ఎత్తితే నడుం పట్టేసేది కానీ మనసుకి నిశ్చింతగా ఉండేది.

తేలిక సంచీ అంటేనే భయం.

నేను చెప్పబోయే ఆవిడ రావడానికి రెండేళ్ళ ముందు, ఫిబ్రవరిలో, ఒసాకా నుంచి ఒకాయన వచ్చాడు. సంచీలో ఏమీ లేనట్టే ఉంది. "ఇంత తక్కువ సామానుతో తిరగడం ఎంత హాయో కదండీ!" అని నేనే మెచ్చుకున్నాను. ఆయన నవ్వాడు. రాత్రి మెతుకు మిగల్చకుండా భోంచేశాడు. పొద్దున్నే పళ్ళెం పట్టుకెళితే గదిలో లేడు. మా ఊరి చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికొన ఒకటుంది. మధ్యాహ్నానికి జాలర్లు ఆయన్ని దాని కింద కనుక్కున్నారు. పోలీసులు మూడు రోజులు అడిగిందే అడిగారు. నాలుగో రోజు ఆయన భార్య వచ్చి, నా చేతులు రెండూ పట్టుకుని, "మీకేమీ అనుమానం రాలేదా అమ్మా?" అంది. తిట్టలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

ఆ తర్వాత మా యజమానురాలు కికుయే గారు మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టి గట్టిగా చెప్పారు. "ఒంటరిగా ఎవరొచ్చినా సరే, సామాను తేలిగ్గా ఉందంటే నాకు చెప్పండి. పొరపాటు పడితే పడదాం, నలుగురిలో నవ్వులపాలైతే అవుదాం. ఇంకో మనిషి మాత్రం మన గుమ్మంలోంచి అటు నడవకూడదు."

ఆవిడ అలా అనడంలో తప్పేమీ లేదు. ఆ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఈ కథ వింటే ఆవిడ మీద కోపం రావచ్చు.

నవంబరులో ఒక మంగళవారం. వాన. మూడు గంటల బస్సులోంచి ఒక్కావిడే దిగింది. యాభై అయిదేళ్ళు ఉంటాయి. ముదురు నీలం కోటు, నల్ల బూట్లు, చేతిలో ఊదా రంగు గుడ్డలో కట్టిన చిన్న మూట. అందుకున్నాను. అరవీశెడు బరువు కూడా లేదు.

"సామాను బస్సులో ఉండిపోయిందేమో! కేకేస్తే ఆపుతాడు" అన్నాను.

"లేదమ్మా. ఇంతే" అంది. అని, ఎందుకో సిగ్గుపడ్డట్టు నవ్వింది.

పుస్తకంలో పేరు రాసింది, ఆరిగా మినెకో. ఊరు కనజావా. వీధి పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. శనివారం దాకా, నాలుగు రాత్రులు. సముద్రం వైపు గది కావాలని ముందే ఫోనులో అడిగి ఉంది. కికుయే గారు ఒకసారి నా చేతిలోని మూట వంక, ఒకసారి నా వంక చూశారు.

"క్షమించాలండీ, సముద్రం వైపు గదుల్లో కప్పు కారుతోంది. కొండ వైపు గది ఇస్తాను, వెచ్చగా ఉంటుంది" అన్నారు.

కప్పు ఎక్కడా కారడం లేదు. కొండ వైపు గది కికుయే గారి గదికి ఆనుకుని ఉంటుంది. మధ్యలో ఉన్నది కాగితపు తలుపు. దగ్గినా వినిపిస్తుంది.

మినెకో గారు ఒక్క క్షణం ఆగి, "పరవాలేదు" అంది. ఎన్నో ఏళ్ళుగా పరవాలేదు అంటూ వచ్చిన గొంతు అది.

ఆవిడ స్నానానికి వెళ్ళగానే నేను మూట విప్పాను. చేయకూడని పనే. ఒక జత లోపలి బట్టలు, ఒక జత ఉన్ని మేజోళ్ళు, పళ్ళు తోముకునే బ్రష్షు, దువ్వెన, చేతులకి రాసుకునే క్రీము డబ్బా. అంతే. పౌడరు డబ్బా లేదు, అద్దం లేదు, మార్చుకోవడానికి ఇంకో పైబట్ట లేదు. మళ్ళీ అదే ముడి వేయడానికి నాకు చాలాసేపు పట్టింది.

వంటింట్లో చెప్పాను. మా వంటవాడు తామెకిచి, మేమంతా తామె బాబాయ్ అనేవాళ్ళం, పీత కాళ్ళు విరుస్తూ తల ఊపాడు.

"చేతుల క్రీము తెచ్చుకుందంటున్నావు కదే! చావబోయేది చేతులు పగిలితే ఏం, పగలకపోతే ఏం? పీతల కాలం కదా, తిందామని వచ్చింది. నా పేరు ఈ తీరమంతా మోగిపోతోంది మరి."

"నీ పేరు ఈ వంటింటి గడప దాటితే చాలు" అన్నారు కికుయే గారు. "ఆ ఒసాకా ఆయన కొత్త రేజరు తెచ్చుకున్నాడు. గుర్తుందా? రేపు గడ్డం గీసుకుంటాడనే అనుకున్నాం మనమూ."

బాబాయ్ మళ్ళీ పీత కాళ్ళ మీదికి వంగాడు.

సాయంత్రం నేను పళ్ళెం తీసుకెళ్ళాను. సగం పీత, వేయించిన వంకాయ, మిసో చారు, అన్నం. ఆవిడ మేమిచ్చిన నూలు అంగీ తొడుక్కుని, తడి జుట్టుతో బుద్ధిగా కూర్చుంది. చేతులు చూశాను. వేళ్ళ కణుపులన్నీ చీలి, గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా గట్టిపడి ఉంది. పీత మాంసం తీయడం రాక అవస్థ పడుతుంటే పక్కన కూర్చుని తీసి పెట్టాను.

"నాకు ఇంకొకరు తీసి పెట్టడం..." అని ఆగిపోయింది. కాసేపటికి, "మీ పేరేంటమ్మా?" అని అడిగింది.

"ఫుమియే అండీ. ఇంత తక్కువ సామానుతో వచ్చారే, చలికి ఇబ్బంది పడతారేమో!"

నవ్వింది. ఈసారి సిగ్గు లేదు. "అదో పెద్ద కథ. మా అత్తగారు పదకొండేళ్ళు మంచం మీద ఉన్నారు. ఆవిడ్ని ఆసుపత్రికి ఒక పూట తీసుకెళ్ళాలంటే మూడు సంచులు. మార్చే గుడ్డలు, దుప్పటి, దాని మీద వేసే రబ్బరు గుడ్డ, తువ్వాళ్ళు, గంజి ఫ్లాస్కు, చెంచా, మందులు, ఆవిడ ఏడవకుండా పట్టుకునే బొమ్మ ఒకటి. ఒక్కటి మర్చిపోయినా అంతే. నేను ఎక్కడికెళ్ళినా రెండు భుజాలకీ సంచులే. బజారుకి వెళ్ళినా ఒక సంచీ సర్దే వెళ్ళేదాన్ని."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"సెప్టెంబరులో పోయారు. నలభై తొమ్మిదో రోజు కర్మ కూడా అయిపోయింది. అప్పుడనుకున్నాను, ఒక్కసారి ఎక్కడికైనా వెళ్తాను, ఒక్క చేత్తో పట్టుకెళ్ళగలిగిందే తీసుకెళ్తాను అని. ముందు ఒక పెట్టె సర్దాను. తీశాను. సంచీ సర్దాను. అందులోంచీ తీశాను. ఇది లేకపోతే ఏమవుతుంది, ఇది లేకపోతే ఏమవుతుంది అనుకుంటూ తీస్తూనే ఉన్నాను. ఏమీ అవదు! ఎంత విచిత్రమో చూడండి, ఏమీ అవదు. స్టేషన్లో మాత్రం ఏదో మర్చిపోయినట్టు భుజాలు గుంజాయి. రెండుసార్లు ఇంటికేసి వెనక్కి నడిచి, మళ్ళీ తిరిగొచ్చాను."

పీత డొప్ప పక్కన పెట్టి, కిటికీ అవతల తడిసిన కొండ వైపు చూస్తూ, "ఇంక నాకేమీ అక్కర్లేదు ఫుమియే గారూ" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం ప్రశాంతంగా ఉంది. ఒసాకా ఆయన ముఖం కూడా అలాగే ఉండేది. పళ్ళెం ఎత్తుకుని గబగబా బయటికి వచ్చేశాను.

కికుయే గారు నడవలోనే నిలబడి ఉన్నారు. "ఏమంది?" అన్నారు.

ఆవిడ చెప్పిందంతా చెప్పాల్సింది. అత్తగారి సంగతి, మూడు సంచులు, స్టేషన్లో భుజాలు గుంజడం, అన్నీ. నేను చెప్పింది ఒక్కటే. "ఇంక నాకేమీ అక్కర్లేదు అందండీ."

కికుయే గారు కళ్ళు మూసుకుని తెరిచారు. "సరే" అన్నారు.

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. మధ్యాహ్నం మినెకో గారు ఆ రాతికొనదాకా నడిచొస్తానంది. నేను కూడా వస్తానన్నాను. "మీకు పనుంటుంది కదా" అంటే, అటువైపే పనుందని అబద్ధం చెప్పాను. దారిలో చూస్తే తామె బాబాయ్ గాలం కర్ర భుజాన వేసుకుని మా వెనకాలే వస్తున్నాడు. బాబాయ్‌కి సముద్రం గాలి పడదు, పది అడుగులకొకసారి దగ్గుతాడు. మేము ఆగితే ఆగుతున్నాడు, నడిస్తే నడుస్తున్నాడు.

"మీ వంటాయనకి చేపలంటే ఇష్టమేమో!" అంది మినెకో గారు.

"చాలా ఇష్టమండీ."

"గాలానికి దారం లేదే మరి?"

బాబాయ్ అవతలి నుంచి, "నోటితో పడతానమ్మా!" అని అరిచి, దగ్గుతో వంగిపోయాడు. ఆవిడ పకపకా నవ్వింది. కొన మీద గట్టు రాళ్ళకి ఇవతల ఒక బల్ల ఉంది. దాని మీద కూర్చుని గంటసేపు సముద్రం చూసింది. నేను ఆవిడకీ అంచుకీ మధ్య నిలబడ్డాను. కాసేపటికి, "ఫుమియే గారూ, కొంచెం పక్కకి జరుగుతారా, అల కనబడటం లేదు" అంది. జరిగాను. ఒక్క అడుగే జరిగాను.

తిరిగొచ్చాక స్నానాల గదికి వెళ్ళింది. నేను బకెట్టూ బ్రష్షూ పట్టుకుని వెళ్ళి, నిన్ననే తోమిన గచ్చు మళ్ళీ తోమాను. ఆవిడ నీళ్ళలోంచి లేచేదాకా తోముతూనే ఉన్నాను. ఆవిడ గదిలో పళ్ళు కోసుకునే చిన్న కత్తి ఉండేది, అది తీసేశాం. తెర తాడు తీసేశాం. అద్దం కూడా, పగిలిందని చెప్పి, తీసేశాం.

ఆ సాయంత్రం పళ్ళెం పెట్టగానే ఆవిడ తినే పుల్లలు తీసుకోలేదు. నా వైపు తిరిగి కూర్చుంది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. నేను చావడానికి వచ్చాననుకుంటున్నారా మీరంతా?"

నవ్వుతూనే అడిగింది. నేను తల వంచుకునేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఎందుకు?" అంది మెల్లిగా.

"మీ మూట తేలిగ్గా ఉందండీ."

నేను ఒసాకా ఆయన సంగతి చెప్పాను. ఆయన భార్య నన్నడిగిన ప్రశ్న కూడా చెప్పాను. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది. ఆవిడ లేచొచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ గరుకు చెయ్యి నా బట్టకి పట్టుకుంది.

"చావాలనుకుని ఉంటే ఆ పదకొండేళ్ళలో ఎప్పుడో చచ్చేదాన్ని" అంది. "ఇప్పుడెందుకు చస్తాను? ఇప్పుడే కదా ఖాళీ అయ్యాను! ఒక్కటే మనవి. మా ఇంటికి మాత్రం తెలియనివ్వకండి. శనివారం వస్తానని చీటీ రాసిపెట్టి వచ్చాను. ఎక్కడికో రాయలేదు. రాస్తే ఆయన ఫోను చేస్తారు. చేసి, ఫలానా డబ్బా ఎక్కడుందని అడుగుతారు."

నేను కళ్ళు తుడుచుకుని ఆవిడ మూట ఎత్తుకున్నాను. ఎవర్నీ అడగకుండా సముద్రం వైపు గది తెరిచి, చాప తుడిచి, కుంపటి రాజేసి ఇచ్చాను. ఆవిడ కిటికీ తలుపు జరిపి అక్కడే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుండిపోయింది. "కప్పు కారడం లేదే!" అంది. ఇద్దరం నవ్వాం.

పరుగున కికుయే గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. నిన్న చెప్పాల్సినవి కూడా చెప్పాను. "వాళ్ళింటికి ఫోను చేయకండి అమ్మగారూ, పాపం ఆవిడ..."

ఆవిడ చేతిలోని కలం కింద పెట్టేశారు. "మధ్యాహ్నమే చేశాను. మీరు కొన దగ్గర ఉన్నప్పుడు."

"ఏం చెప్పారు?"

"ఏముంది చెప్పడానికి? నువ్వు చెప్పిందే చెప్పాను."

ఆవిడ ముఖం కూడా పాలిపోయింది. "ఒకవేళ నువ్వు ఇప్పుడనుకుంటున్నదే తప్పైతే?" అన్నారు. "ఒసాకా ఆయనా మనతో నవ్వుతూనే మాట్లాడాడు."

నేను తిరిగి సముద్రం వైపు గదిదాకా వెళ్ళాను. తలుపు బయట నిలబడ్డాను. ఈ ఒక్క పూట హాయిగా పడుకోనీ అనుకున్నాను. అలా అనుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ ముఖానికి ఎదురుపడే ధైర్యం లేక వెనక్కి వచ్చేశాను. చెప్పి ఉంటే ఆవిడకి తెల్లవారి ఆరున్నర బస్సు అందేది. ఇంకో ఊళ్ళో ఇంకో విడిదిలో ఆ రెండు రోజులూ గడిపేది.

గురువారం పది గంటలకి ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. అందులోంచి ఆవిడ భర్త, నీళ్ళ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఆరిగా షోజో గారు, దిగారు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. గుమ్మంలోనే నడుం వంచి, "మా ఆవిడ మీకు చాలా శ్రమ ఇచ్చింది, క్షమించండి, క్షమించండి" అని ఎన్నిసార్లు అన్నారో. వెనక సీటులోంచి ఒక పెద్ద సూట్‌కేసు దింపారు. నేనూ బాబాయ్ చెరో పక్కా పట్టుకుంటే గానీ అది మెట్లెక్కలేదు.

మినెకో గారు నడవలోకి వచ్చి ఆయన్ని చూసి ఆగిపోయింది.

"శనివారం వస్తానని రాశాను కదా" అంది.

"రాశావు! 'నా కోసం వెతకొద్దు' అని కూడా రాశావు. అలా ఎవరు రాస్తారు?"

"కంగారు పడొద్దని రాశాను."

"నాలుగు రోజుల కూరలు వండి, డబ్బాల్లో పెట్టి, ఏ డబ్బా ఏ రోజుదో కాగితాలు అంటించి వెళ్ళావు." ఆయన కికుయే గారి వైపు తిరిగారు. "మీరే చెప్పండమ్మా, బతికి ఉండే మనిషి చేసే పనేనా అది? డాక్టరుకి చెప్తే ఆయనే అన్నాడు, ఇల్లు చక్కబెట్టుకుని పోయేవాళ్ళు అలాగే చేస్తారట."

"మీకు కూర వండుకోవడం రాదని వండాను" అంది మినెకో గారు.

నేనింక ఉండబట్టలేకపోయాను. "ఆవిడ అందుకు రాలేదండీ! నేనే పొరపాటుగా అర్థం చేసుకున్నాను. ఊరికే నాలుగు రోజులు తిరిగిపోదామని వచ్చారు, అంతే."

ఆయన నా ముందు చాప మీద రెండు చేతులూ ఆనించి వంగారు. "మీరేనా కనిపెట్టింది? ఏమీ అక్కర్లేదందని మీరే కదా విన్నది! మీ మేలు ఈ జన్మకి మర్చిపోము."

మినెకో గారు నా వైపు చూసింది. ఇంటికి తెలిసింది ఎవరి వల్లో ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"ఇంకా రెండు రోజులుంది" అంది ఆయనతో. "ఉండి వస్తాను. మీరూ ఉండండి కావాలంటే."

"రెండు రోజులా? అన్నయ్య, వదిన, మీ తమ్ముడు, నిన్నటి నుంచి ఫోను దగ్గరే కూర్చున్నారు. వాళ్ళకేం చెప్పమంటావు? పీత తింటోంది, అది అయ్యాక వస్తుందట అని చెప్పనా?" ఆయన గొంతు పగిలింది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన నిజంగానే భయపడిపోయాడని. "ఏమీ పట్టుకెళ్ళలేదన్నారు. ఈ చలిలో! నీవన్నీ తెచ్చాను, ముందు వెచ్చగా ఏదైనా కప్పుకో."

సూట్‌కేసు తెరిచారు. నిండా బట్టలు, కుక్కి కుక్కి పెట్టి ఉన్నాయి. ఎండాకాలం జాకెట్లు, చేతుల్లేని గౌన్లు, ఊళ్ళో పండగకి కట్టుకునే పట్టు నడికట్టు. వాటి కింద మందపాటి ఫ్లానెల్ అంగీలు నాలుగైదు, మెడ దగ్గర రిబ్బన్లు కట్టినవి.

మినెకో గారు ఒక ఫ్లానెల్ అంగీ తీసి చేత్తో పట్టుకుని, మెల్లిగా కింద కూర్చుంది.

"ఇది అత్తయ్యది" అంది.

"నీది కాదా? నీ బీరువాలోనే ఉందే!"

"అన్నీ నా బీరువాలోనే ఉండేవి."

ఆయన వెతికి వెతికి బూడిద రంగు ఉన్ని శాలువా ఒకటి తీసి, విప్పి, ఆవిడ భుజాల మీద కప్పారు. అదీ ఎవరిదో చెప్పక్కర్లేకుండానే తెలుస్తోంది, అంచుకి మందు మరకలున్నాయి. ఆవిడ దాన్ని తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. రెండు కొసలూ గొంతు దగ్గరికి లాక్కుంది. పదకొండేళ్ళ అలవాటుతో చెయ్యి దానంతటదే ముందుకు సాగి, అస్తవ్యస్తంగా ఉన్న బట్టలన్నీ మడతపెట్టి సర్దడం మొదలుపెట్టింది. ఆయన ఊదా రంగు మూట తెచ్చి ఒక మూలన దూర్చి, మూత మీద మోకాలు వేసి నొక్కి తాళం పెట్టారు.

వెళ్ళేటప్పుడు బూట్లు తొడుక్కుంటూ నా పక్కన ఆగింది. నేను క్షమించమని ఏదేదో అన్నాను.

"మీరు మంచివాళ్ళే ఫుమియే గారూ" అంది. "అందరూ మంచివాళ్ళే. దానికేం చేస్తాం?"

కారు మలుపు తిరిగేదాకా మేం ముగ్గురం వంగే నిలబడ్డాం. లోపలికి రాగానే తామె బాబాయ్, "శనివారానికి పెద్ద బురి చేప చెప్పి ఉంచానే ఆవిడ కోసం" అన్నాడు. ఆ రోజంతా ఎవర్నీ తిట్టలేదు.

కొత్త ఏడాదికి నేను ఉత్తరం రాశాను. జవాబు ఆయన దగ్గర్నుంచి వచ్చింది. డాక్టరు సలహా మీద మందులు వాడుతోందట, విశ్రాంతిగా ఉంటోందట, ఒక్కతినీ వదలకుండా వదినగారు పగలంతా వచ్చి కూర్చుంటోందట, ప్రాణం నిలబెట్టినందుకు ఇంటిల్లిపాదీ మాకు ఋణపడి ఉన్నారట. దాంతో పాటు ఒక మిఠాయిల పెట్టె. ఆ తర్వాత ప్రతి నవంబరులోనూ ఆ పెట్టె వచ్చేది. కికుయే గారు దాన్ని వచ్చినవాళ్ళకి పంచుతూ, పేర్లు చెప్పకుండా, "మా ఫుమియే కంటి చలవ" అని చెప్పుకునేవారు. వాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు. నా వాటా నేను పక్కింటి పిల్లలకి ఇచ్చేసేదాన్ని.

మూడో ఏడు పెట్టె వచ్చిన రోజు, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, దాని మీదున్న నంబరుకి ఫోను చేశాను. ఆయన ఎత్తితే పెట్టేద్దామనుకున్నాను. ఆవిడే ఎత్తింది.

"ఫుమియేనండీ, విడిది నుంచి."

అవతల ఊపిరి వినబడింది. కొంచెం సేపటికి, "మీ వంటాయన దగ్గు తగ్గిందా?" అంది.

"తగ్గలేదండీ. చుట్ట మానడు. మీరెలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాను. లావయ్యాను. మందులకి నిద్ర బాగా పడుతుంది." ఆగింది. "కూరగాయల కొట్టుకి కూడా వదిన వస్తుంది. సంచీ తనే మోస్తుంది, నన్ను ముట్టుకోనివ్వదు. మంచిదే పాపం."

"నేను వాళ్ళతో మాట్లాడనా? వచ్చి చెప్పనా, మీరు అప్పుడు..."

"వద్దు. అది కూడా రోగమే అనుకుంటారు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అక్కడ ఇప్పుడు అలలు ఎలా ఉన్నాయి? పెద్దవా?" అని అడిగింది.

"పెద్దవండీ. ఇవాళ గాలి కూడా..."

వెనకాల ఏదో తలుపు జరిగిన చప్పుడు, ఎవరు ఫోనులో అని ఒక ఆడగొంతు.

"ఎవరో వదినా" అంది మినెకో గారు. "తప్పు నంబరు."